తల ఊపకండి: ఆఫీసు ఇంగ్లీషుకు తలకిందుల సలహాలు

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో మాకు రెండు వారాల ఇంగ్లీషు శిక్షణ ఇచ్చారు. ఒకరోజు ట్రైనరు గారు తెర మీద ‘ఆన్ టెంటర్‌హుక్స్’ అనే మాట వేసి, పక్కనే అర్థం చూపించారు: ఆత్రంగా, ఆందోళనగా ఎదురుచూడటం. టెంటర్‌హుక్ అంటే ఏమిటండీ అని అడిగాను. “అది మనకు అనవసరం. ఇడియమ్‌కి అర్థం ఉంటుంది, కారణం ఉండదు. బట్టీ పట్టేయండి” అన్నారు. పట్టాను. వారం తిరక్కుండా మర్చిపోయాను.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు వేటపాలెం సారస్వత నికేతనంలో కూర్చున్నాను. 1918 నుంచీ ఉన్న గ్రంథాలయం అది. లావుపాటి ఇంగ్లీషు నిఘంటువొకటి తిరగేస్తే దొరికింది. ఉతికిన ఉన్ని బట్ట ముడుచుకుపోకుండా లాగి ఆరబెట్టే చట్రాన్ని టెంటర్ అనేవారట. దాని అంచుల వెంట ఉండే కొక్కేలే టెంటర్‌హుక్స్. చదవగానే మా వీధి కళ్ళ ముందుకొచ్చింది. మాది నేత ఇల్లు. తెల్లవారుజామున, ఎండెక్కక ముందే, నాన్నా బాబాయిలూ పడుగును వీధి పొడుగునా సాచి, రెండు కొసలా బిగించి, గంజి పట్టించి కుంచెతో దువ్వేవాళ్ళు. బిగువు ఎక్కువైతే పోగులు తెగుతాయి. తక్కువైతే ఒకదానికొకటి అంటుకుంటాయి. గంజి ఆరే దాకా అందరి కళ్ళూ దాని మీదే. టెంటర్‌హుక్స్ మీద ఉండటమంటే ఆ పడుగులా ఉండటం. ఇన్నేళ్ళలో మళ్ళీ ఆ మాట మర్చిపోలేదు.

ఆ రోజు నుంచి ఆఫీసు ఇంగ్లీషు విషయంలో ట్రైనర్లు చెప్పినదానికి ఎదురు తిరిగి నడిచాను. ఈ దారి కొంచెం ఖరీదైనది. ఒకటి రెండుసార్లు నాకు జీతం పెరగకపోవడానికి ఇదీ ఒక కారణమే. అయినా కొత్తగా చేరుతున్న చెల్లెళ్ళకూ తమ్ముళ్ళకూ ఇవే చెబుతాను. అర్థం కాని మాటకు తల ఊపడం అలవాటైతే, మన బతుకు మీద పడే మాటకూ అలాగే తల ఊపేస్తాం.

1. అర్థం బట్టీ పట్టకండి, పనిముట్టును వెతకండి

పని గురించిన ఇంగ్లీషు నుడికారంలో చాలా భాగం ఎవరో ఒక పనివాడి చేతిలో పుట్టింది. ‘లెర్నింగ్ ద రోప్స్’ తెరచాప ఓడల మీద పుట్టింది. ఓడెక్కిన కొత్తవాడు ఏ తాడు లాగితే ఏ తెరచాప కదులుతుందో ముందు నేర్చుకోవాలి. ‘టూ మెనీ ఐరన్స్ ఇన్ ద ఫైర్’ కొలిమి దగ్గరిది. ఒకేసారి ఎక్కువ కడ్డీలు నిప్పులో పెడితే ఒకటి కొడుతుండగా మరొకటి మాడిపోతుంది. ఇది కమ్మరికి విడమరిచి చెప్పక్కర్లేదు.

‘బ్యాక్‌లాగ్’ చూడండి. మొదట్లో అది పొయ్యి వెనక భాగంలో పెట్టే పెద్ద దుంగ. రాత్రంతా నెమ్మదిగా కాలుతూ నిప్పు ఆరిపోకుండా కాపాడేది. తర్వాత ఆ మాటకు నిల్వ అనే అర్థం వచ్చింది, ఆ తర్వాత చేతిలో ఉన్న ఆర్డర్లు, చివరికి పేరుకుపోయిన పని. అంటే బ్యాక్‌లాగ్ ఉండటం ఒకప్పుడు ఇంటికి భరోసా. మీ టీముకు రెండు వందల టికెట్ల బ్యాక్‌లాగ్ ఉందని మేనేజరు కేకలేస్తుంటే ఈ సంగతి గుర్తుచేసుకోండి. పని మిగిలి ఉందంటే రేపటికీ మన పొయ్యిలో నిప్పు ఉన్నట్టే.

సాఫ్ట్‌వేరు వాళ్ళ ‘బగ్’ కూడా అంతే. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌లో మార్క్ 2 కంప్యూటరు ఆగితే, ఇంజనీర్లు లోపల ఇరుక్కున్న చిమ్మటను తీసి లాగ్‌బుక్కులో టేపుతో అంటించారు. యంత్రంలోని లోపాన్ని బగ్ అనడం అప్పటికే పాత అలవాటు, ఎడిసన్ 1878లోనే ఆ మాట వాడాడు. అయినా ఆ చిమ్మట కథ ఒకసారి విన్న పిల్లలెవరూ బగ్ అంటే ఏమిటో మర్చిపోలేదు. మాట వెనకున్న వస్తువు కనపడితే మాట మనదవుతుంది.

2. మీటింగు ఆపి అడగండి

“అర్థం కాకపోతే తర్వాత వెతుక్కోండి, అందరిముందూ అడక్కండి” అంటారు. మీరు అందరిముందే అడగండి. చెయ్యెత్తి, స్పష్టంగా, “ఆ మాట నాకు తెలియదండీ” అనండి.

ఒకసారి విదేశీ కాల్‌లో పై మేనేజరు “లెట్స్ నాట్ బాయిల్ ది ఓషన్” అన్నారు. సముద్రాన్ని కాచొద్దట. పదకొండు మంది తలలూపారు. నేను అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆగి, సాధ్యం కానంత పెద్దపని ఒక్కసారే నెత్తికెత్తుకోవద్దని భావం అని చెప్పారు. అప్పుడు నాకు తోచింది చెప్పాను. మా వైపు, చినగంజాంలో, సముద్రం నీళ్ళతోనే బతుకుతారు. కాచరు. చిన్న చిన్న మళ్ళు కట్టి, వాటిలోకి నీరు వదిలి, ఎండకు వదిలేస్తారు, ఉప్పు తేలుతుంది. మన పనినీ మళ్ళు కడదామా అని అడిగాను. ఆ ప్రాజెక్టును మేము ఆరు ముక్కలు చేశాం. కాల్ అయ్యాక ముగ్గురు నాకు విడిగా రాశారు: ఆ మాట మాకూ తెలియదు, అడిగినందుకు థాంక్స్ అని.

‘సర్కిల్ బ్యాక్ చేద్దాం’, ‘ఆఫ్‌లైన్‌లో మాట్లాడదాం’ అన్నప్పుడైతే తప్పక అడగాలి. రెండింటికీ తెలుగు ‘తర్వాత’. ఇంట్లో ఎవరైనా తర్వాత అంటే ఎప్పుడని అడుగుతాం కదా. ఇక్కడా తేదీ అడగండి. తేదీ ఇవ్వలేని తర్వాతను లేదు అనే అర్థం చేసుకుని, ఆ ప్రకారమే మీ పని చూసుకోండి.

3. ప్రతి మాటనూ ఉన్నదున్నట్టు తెలుగు చేసి, ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి

మాటకు మాట అనువాదం తప్పని అన్ని పుస్తకాలూ చెబుతాయి. నేర్చుకునేటప్పుడు దానంత మంచి పరీక్ష లేదు. మా నాయనమ్మ చదువుకోలేదు. ఫోనులో ఆమెకు ఆఫీసు మాటలు తెలుగు చేసి చెప్పేదాన్ని.

“నాయనమ్మా, ముందు చేతికందే కాయలు కోద్దాం అంటున్నారు మా సారు.” ‘లో హ్యాంగింగ్ ఫ్రూట్’ అప్పట్లో మా ఫ్లోరులో రోజూ వినపడేది.

“అందే కాయలు ఎవరైనా కోస్తారే అమ్మాయ్. కొమ్మ చివరి కాయకు కదా చిక్కం కావాలి. చిక్కం ఎవరిస్తారో అడిగావా?”

మర్నాడు అదే అడిగాను. సులభమైన పనులు ఈ నెలలో అయిపోతాయి, కష్టమైనవాటికి మనిషినిస్తారా, గడువిస్తారా, సాఫ్ట్‌వేరు కొంటారా అని. జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది కానీ ఒక మనిషినిచ్చారు. ఇంగ్లీషులోనే ఉండిపోయుంటే ఆ ప్రశ్న నాకు తట్టేది కాదు. పండు, కొమ్మ, చిక్కం తెలుగులో కళ్ళకు కనపడ్డాయి కాబట్టి తట్టింది.

4. బేస్‌బాల్ నేర్చుకోకండి, చెడుగుడు నేర్పండి

‘టచ్ బేస్’, ‘బాల్‌పార్క్ ఫిగర్’, ‘కర్వ్‌బాల్’, ‘స్టెప్ అప్ టు ద ప్లేట్’. ఇవన్నీ బేస్‌బాల్ మాటలు. ఆ ఆట చూడనివాళ్ళం, ఆ మైదానం వాసన తెలియనివాళ్ళం, వాటిని పొద్దున్నుంచి రాత్రి దాకా అంటుంటాం. ఎదుటివాళ్ళు అంటే అర్థం చేసుకోండి, చాలు. మీ నోటితో అనకండి. ఉజ్జాయింపుగా ఎంత అని అడగాలంటే సాదా ఇంగ్లీషులో ‘అబౌట్ హౌ మచ్’ ఉంది. క్రికెట్టు మాటలు కొంత నయం. ‘బ్యాక్‌ఫుట్ మీద ఉన్నాం’ అన్నప్పుడు మన కాళ్ళకు తెలుస్తుంది.

వీలైతే ఇంకో అడుగు వేయండి. మన ఆట వాళ్ళకు చెప్పండి. చలికాలంలో న్యూయార్కు మనకంటే పదిన్నర గంటలు వెనక. వాళ్ళ మధ్యాహ్నం రెండు గంటల మీటింగంటే మనకు అర్ధరాత్రి పన్నెండున్నర. ఒక ఏడాదంతా అలా పనిచేశాం. దానికి ఇంగ్లీషులో ‘గ్రేవ్‌యార్డ్ షిఫ్ట్’ అనే పేరుంది, శ్మశానపు డ్యూటీ. క్లయింటుతో ఒకరోజు చెడుగుడు గురించి చెప్పాను. ఆటగాడు ఒకే ఊపిరిమీద కూత పెడుతూ అవతలి గళ్ళోకి వెళ్తాడు, కూత ఆగేలోపు గీత దాటి ఇవతలికి రావాలి, లేకపోతే ఔటు. మా పిల్లలు రోజూ మీ గళ్ళోకి కూతతో వస్తున్నారు, ఇంటికి చేరేసరికి ఊపిరి అయిపోతోంది అన్నాను. ఆయన మీటింగును రెండు గంటలు ముందుకు జరిపారు. మాకు ఆ రెండు గంటలు నిద్ర.

మన దగ్గరా ఎంత నుడికారముందో తెలుసుకోవాలంటే ఒక్క పేరు చెబుతాను. మద్రాసు సైన్యంలో పనిచేసిన కెప్టెన్ ఎం.డబ్ల్యు. కార్ 1868లో తెలుగు సామెతలెన్నో ఏరి, ఇంగ్లీషు అర్థాలతో పుస్తకం వేశాడు. ఒక ఆంగ్లేయుడికి అంత ఓపికుంటే, మన సామెతను మనం కాల్‌లో ఒకటి చెప్పడానికి సిగ్గెందుకు? ‘కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు’ అన్నది ఏ టెస్టింగు టీముకైనా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. కులవృత్తుల్ని కించపరిచే సామెతలు మాత్రం అక్కడా ఇక్కడా కూడా అనకండి. మంగలిని, చాకలిని, సాలెను వెక్కిరించే మాటలు మన భాషలో బోలెడున్నాయి. వాటిలో నుడికారం ఉంది కానీ పనివాడి మీద గౌరవం లేదు.

5. డెడ్‌లైన్ అనకండి, గడువు అనండి

1864లో, అమెరికా అంతర్యుద్ధ కాలంలో, జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్‌లో యుద్ధఖైదీల శిబిరం ఉండేది. చుట్టూ ఎత్తయిన దుంగల ప్రహరీ, దానికి కొన్ని అడుగులు ఇవతల పొట్టి కంచె. ఆ కంచె దాటినవాణ్ణి కావలివాళ్ళు కాల్చేసేవాళ్ళు. దాని పేరు డెడ్‌లైన్. ఆ శిబిరంలో పెట్టిన సుమారు 45,000 మందిలో దాదాపు 13,000 మంది ప్రాణాలతో బయటికి రాలేదు, ఎక్కువమంది రోగాలకూ ఆకలికీ పోయారు. కొన్ని దశాబ్దాల తర్వాత అమెరికా పత్రికలవాళ్ళు వార్త అందించాల్సిన ఆఖరి వేళకు ఆ మాట వాడారు. అక్కడి నుంచి అన్ని ఆఫీసులకూ పాకింది.

ఇప్పుడు మన మాట చూడండి. గడువు. గడవడం నుంచి వచ్చింది. కాలం గడుస్తుంది, రోజు గడుస్తుంది, ఇల్లు గడుస్తుంది. ఆ ఇల్లు గడవడానికే కదా ఉద్యోగం. గడువు పెడతారు, ఇస్తారు, అడుగుతాం, పెంచుతారు. అందులో ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఇద్దరూ ఉన్నారు. డెడ్‌లైన్‌లో తుపాకీ ఒక్కటే ఉంది. మా టీములో తెలుగువాళ్ళం మాట్లాడుకునేటప్పుడు డెడ్‌లైన్ అనే మాటను పూర్తిగా మానేశాం. “గడువు చాలదు సార్, ఇంకో నాలుగు రోజులు గడువివ్వండి” అని నోరారా అడగడం దానితోనే వచ్చింది. ప్రతిసారీ ఇవ్వలేదు. కానీ అడగడం నేరమనే భయం పోయింది.

6. బ్యాండ్‌విడ్త్ లేదనకండి, ఓపిక లేదనండి

పని గురించిన తెలుగు నుడికారం చాలావరకు ఒంటి మీద ఉంటుంది. నడుం బిగిస్తాం, ఒళ్ళు వంచుతాం, చెమటోడుస్తాం, రెక్కలు ముక్కలు చేసుకుంటాం, చేతకాకపోతే చేతులెత్తేస్తాం, విసిగితే కాడి కింద పడేస్తాం. కాడి కూడా మెడ మీదిదే. కొత్త ఆఫీసు భాష ఆ ఒంటిని తీసేసి యంత్రాన్ని పెట్టింది. మనిషి ‘రిసోర్స్’ అయ్యాడు. సెలవు ‘రీఛార్జ్’ అయింది. తీరిక ‘బ్యాండ్‌విడ్త్’ అయింది.

బ్యాండ్‌విడ్త్ అనేది సంకేతాలు పోయే దారికి వెడల్పు. తీగెకు అలసట ఉండదు. నిండితే నిండింది, లేకపోతే ఖాళీ. అందుకే ‘నాకు బ్యాండ్‌విడ్త్ లేదు’ అన్నవాడికి, ఇది కొంచెమే, ఇరుకుతుందిలే అని ఇంకో పని తోస్తారు. ఓపిక అన్న మాటలో బలమూ ఉంది, సహనమూ ఉంది. జ్వరం తగ్గినవాళ్ళను ఓపిక వచ్చిందా అని అడుగుతాం. విసిగినవాళ్ళు ఓపిక లేదంటారు. రెండూ కలిసి తరిగిపోతాయని మన భాషకు ముందే తెలుసు.

ఇంగ్లీషులో దీనికి చేరువైనది ‘బర్నౌట్’. అమెరికా మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో దాని మీద వ్యాసం రాశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో దాన్ని ఉద్యోగ సంబంధమైన పరిస్థితిగా చేర్చింది, రోగంగా చేర్చలేదు. అంటే లోపం మీ ఒంట్లో కాక మీరు పనిచేసే చోట ఉండొచ్చని ఆ సంస్థే ఒప్పుకున్నట్టు. కాబట్టి మేనేజరుతో మాట్లాడేటప్పుడు యంత్రం మాటలు పక్కన పెట్టి, నిద్ర ఎన్ని గంటలు పోతోందో, నడుం ఎన్నాళ్ళుగా నొప్పో చెప్పండి. ఇది ప్రొఫెషనల్‌గా ఉండదని అంటారు. ఉండనివ్వండి. ఒంటి సంగతి ఒంటి మాటల్లోనే చెప్పాలి.

7. ఒళ్ళు దాచుకోండి, వెన్నెలను తిట్టకండి

2022లో రెండు మాటలు మన ఆఫీసులను ఊపేశాయి. ఒకటి ‘క్వైట్ క్విట్టింగ్’, జీతమిచ్చిన మేరకే పనిచేసి ఊరుకోవడం. మన పెద్దవాళ్ళు దీన్ని ఒళ్ళు దాచుకోవడం అని తిడతారు. నేను దాన్ని తిట్టుగా తీసుకోవద్దంటాను. నలభై ఏళ్ళు పనిచేయాల్సిన ఒంటిని కొంచెం దాచుకోవాలి. దీనికే కార్మిక సంఘాల దగ్గర పాత పేరొకటుంది: ‘వర్క్ టు రూల్’, నిబంధన ప్రకారం మాత్రమే పని. అప్పట్లో అది అందరూ కలిసి, నోటీసిచ్చి, బాహాటంగా చేసే నిరసన. ఇప్పుడదే పని ఒక్కడు చేస్తే, చప్పుడు లేకుండా చేస్తే, దానికి బద్ధకమని పేరు మార్చారు. పాత పేరుతోనే పిలవండి.

రెండోది ‘మూన్‌లైటింగ్’, ఒక ఉద్యోగం ఉండగా మరోటి చేయడం. ఆ ఏడాది ఆగస్టులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ దాన్ని మోసమన్నారు. సెప్టెంబరులో, పోటీ సంస్థలకు పనిచేస్తున్న 300 మందిని తొలగించామని చెప్పారు. 1880ల ఐర్లండులో మూన్‌లైటర్లంటే భూస్వాముల తరఫువాళ్ళ మీద రాత్రిపూట దాడిచేసిన కౌలురైతులు. ఆ మాట తర్వాత అమెరికాలో రెండో ఉద్యోగం అనే అర్థం తెచ్చుకుంది. పోటీ కంపెనీకి రహస్యాలు చేరవేయమని నేను చెప్పను. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా అమ్మ గుర్తుకొస్తుంది. వంటా వార్పూ అయ్యాక, రాత్రి వసారాలో కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టేది. నాన్న మర్నాడు నేయాలంటే ఆ కండెలుండాలి. మగ్గం కూలిలో ఆ పనికి వేరే లెక్క లేదు. దానికి ఏ భాషలోనూ పేరు లేదు. ఇద్దరు పనిచేస్తేనే ఇల్లు గడిచే చోట రెండో పనిని తప్పనే ముందు, మొదటి పనికి ఎంతిస్తున్నారో అడగండి.

8. మన ఇంగ్లీషును దిద్దుకోకండి

‘డూ ద నీడ్‌ఫుల్’ అనొద్దు, ‘ప్రీపోన్’ అనొద్దు, ‘ఔట్ ఆఫ్ స్టేషన్’ అనొద్దని ప్రతి శిక్షణలోనూ జాబితా ఇస్తారు. ‘డూ ద నీడ్‌ఫుల్’ మనం కనిపెట్టిన తప్పు కాదు. ఆంగ్లేయుల దఫ్తరాల మర్యాద మాట, వాళ్ళు వదిలేశారు, మనం దాచుకున్నాం. ఔట్ ఆఫ్ స్టేషన్‌లోని స్టేషను, దొరలు కొలువుండే ఊరు. ప్రీపోన్ లేకపోతే పోస్ట్‌పోన్ ఒంటికాలి మీద నిలబడి ఉండేది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనే దానికి చోటుంది. మన పందికొక్కే అక్కడ ‘బ్యాండికూట్’ అయి కూర్చుంది. 1886లో వచ్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిండా అలాంటి మాటలే.

ఒక మాట మాత్రం జాగ్రత్తగా వినండి. ‘బ్యాంగలోర్డ్’. తన ఉద్యోగం ఇండియాకు తరలిపోయిన అమెరికావాడు రెండు వేల సంవత్సరం తర్వాతి రోజుల్లో వాడిన యాస. అది విని కోపం తెచ్చుకోవద్దు, నవ్వొద్దు. మనకు జీతం వచ్చిన రోజునే ఎక్కడో ఎవరికో జీతం ఆగింది. ఆ సంగతి మనకు గుర్తుచేసే మాట అదొక్కటే.

9. తెరచాప దించడం ఎలాగో తెలుసుకోండి

సమ్మెను ‘స్ట్రైక్’ అంటారు, కొట్టడం అని అందరం అనుకుంటాం. ఓడల భాషలో తెరచాపను స్ట్రైక్ చేయడమంటే దించడం. 1768లో లండన్‌లో నావికులు మెరుగైన కూలి కోసం ఓడల తెరచాపలు దించేసి సరుకు కదలనివ్వలేదు. సమ్మెకు ఆ పేరు అలా వచ్చింది. ‘బాయ్‌కాట్’ 1880లో ఐర్లండులోని మేయో జిల్లాలో పుట్టింది. చార్లెస్ బాయ్‌కాట్ అనే భూస్వామి ఏజెంటుకు ఊరు ఊరంతా పని మానేసింది. పొలం కోసేవాళ్ళు లేరు, దుకాణంలో సరుకిచ్చేవాళ్ళు లేరు.

‘వాకౌట్’కు మాత్రం నేను విదేశాలకు వెళ్ళను. మా పక్కనే చీరాల-పేరాల ఉంది. పురపాలక సంఘం పెట్టి పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి పిలుపుతో 1921లో జనం ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగరు కట్టుకుని సుమారు పదకొండు నెలలున్నారు. అందులో మా నేతవాళ్ళూ ఉన్నారు. మీ ట్రైనరు గారు వాకౌట్ అంటే ‘మీటింగు నుంచి లేచి వెళ్ళిపోవడం’ అని రాయిస్తే, దాని కింద చీరాల అని రాసుకోండి.

10. ‘లెట్ గో’ అనకండి, తీసేశారనండి

ఇది అన్నిటికంటే పెద్ద సలహా. ఉద్యోగం పోవడానికి ఇంగ్లీషులో ఉన్నన్ని మెత్తటి మాటలు మరి దేనికీ లేవేమో. ‘డౌన్‌సైజింగ్’ 1970ల్లో అమెరికాలో కార్ల సైజు తగ్గించడానికి పుట్టిన మాట, తర్వాత మనుషులకు తగిలించారు. ‘రైట్‌సైజింగ్’ అంటే మీరు లేని సైజే సరైన సైజని. ‘లేఆఫ్’ ఒకప్పుడు పని తగ్గిన కాలానికి తాత్కాలికంగా పంపడం, మళ్ళీ పిలుస్తారనే ఆశ అందులో ఉండేది. ఇప్పుడు లేదు. పాత యాస ‘గెట్టింగ్ ద సాక్’ నాకు వీటన్నిటికంటే నిజాయితీగా ఉంటుంది. పనివాడు తన పనిముట్లు సంచిలో తెచ్చుకునేవాడనీ, వద్దన్నప్పుడు యజమాని ఆ సంచి చేతికిచ్చేవాడనీ చెబుతారు. కనీసం సంచి ఇచ్చిన చెయ్యి ఒకటి కనపడుతుంది.

నన్ను తీసేసిన రోజు వీడియో కాల్ తొమ్మిది నిమిషాలు. “వుయ్ హావ్ టు లెట్ యు గో” అన్నారు. నేను తల ఊపాను. ఇన్ని సలహాలు చెబుతున్న నేనే ఊపాను. సాయంత్రం నాయనమ్మకు ఫోను చేసి, అలవాటుగా ఉన్నదున్నట్టు తెలుగు చేశాను.

“నన్ను వదిలేశారు నాయనమ్మా.”

“వదిలేయడమేంటే? ఇన్నాళ్ళూ కట్టేసి ఉంచారా? తీసేశారా, నువ్వు మానేశావా, అది చెప్పు.”

తీసేశారు అని చెప్పాను. అన్నాకే ఏడుపొచ్చింది.

ఆ క్రియ గురించి చాలా రోజులు ఆలోచించాను. ‘ఉద్యోగం ఊడింది’ అని కూడా తెలుగులో అంటాం, పన్ను ఊడినట్టు, చేసినవాళ్ళెవరూ లేనట్టు. ‘తీసేశారు’లో చివర వాళ్ళున్నారు. మనది మాట చివర మనిషిని పెట్టుకునే భాష. నాన్న మగ్గం సంగతి అప్పుడే అర్థమైంది. నా చిన్నప్పుడు ఒక ఎండాకాలంలో మా ఇంట్లో గుంటమగ్గం పూడ్చేశారు. ఎవరడిగినా నాన్న ‘మగ్గం ఆగిపోయిందండీ’ అనేవారు, గడియారం ఆగినట్టు. చేనేతకే కేటాయించిన రకాలను మరమగ్గాల మీద నేయకూడదని 1985 నుంచి చట్టముంది. అయినా మరమగ్గం గుడ్డను చేనేత పేరుతో అమ్మినవాళ్ళున్నారు. నూలు ధర పెంచినవాళ్ళున్నారు, కూలి పెంచని షావుకార్లున్నారు. నాన్న వాక్యంలో వాళ్ళెవరూ లేరు. అందులో ఉన్నది ఒక్క మగ్గమే. అందుకే చివరిదాకా తప్పు తన చేతుల్లోనే ఉందని ఆయన అనుకున్నారు.

తర్వాత ఇంటర్వ్యూలకు వెళ్ళినప్పుడు ఎందుకు మానేశారని అడిగితే, “నేను మానలేదండీ, వాళ్ళు తీసేశారు, మా విభాగంలో అందర్నీ తీసేశారు” అని సాదా ఇంగ్లీషులో చెప్పాను. రెండు చోట్ల వాళ్ళ ముఖాలు మారాయి, ఉద్యోగం రాలేదు. మూడో చోట మామూలుగా తర్వాతి ప్రశ్న అడిగారు. ఇప్పుడు అక్కడే పనిచేస్తున్నాను.

మీకూ ఆ రోజు రావొచ్చు. రాకూడదనే కోరుకుంటాను. వస్తే, ఇంటికి ఫోను చేసే ముందు ఆ వాక్యాన్ని ఒకసారి బయటికి అని చూసుకోండి. చేసినవాళ్ళు అందులో ఉన్నారా లేదా సరిచూసుకోండి. ఆ తర్వాతే అమ్మకు చెప్పండి.